హెచ్‌పీఎల్‌సీ రాదని ఇంటర్వ్యూ మానేస్తున్న పిల్లల గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో ఇంటర్వ్యూల మీద వచ్చిన వ్యాసం చదివాను. బట్టలు ఇస్త్రీ చేసుకుని వెళ్లాలని, కళ్లలోకి చూసి మాట్లాడాలని, ఆత్మవిశ్వాసం కనిపించాలని రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ మా వైపు పిల్లలను పట్టి పీడిస్తున్న భయం వేరు. "ఈ ఉద్యోగానికి అడిగినవి నా దగ్గర లేవు, అసలు వెళ్లాలా మానాలా" అన్నది వాళ్ల టెన్షన్. దాని గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది. వీలైతే కుదించకుండా వేయమని మనవి.

నేను మందుల కంపెనీల్లో నాణ్యతను పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో పనిచేసి రిటైరయ్యాను. మొదట హైదరాబాద్ జీడిమెట్లలో, తర్వాత విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీలో. మేనేజరైన తర్వాత కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో ఏళ్ల తరబడి కూర్చున్నాను. ఇప్పుడు అనకాపల్లిలో ఉంటున్నాను. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన చుట్టుపక్కల పిల్లలు పేపర్లో వాక్-ఇన్ (నేరుగా ఇంటర్వ్యూకు రమ్మనే) ప్రకటన చూసి, దాన్ని కత్తిరించి పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. దాదాపు అందరిదీ ఒకటే మాట. "ఆంటీ, ఇందులో హెచ్‌పీఎల్‌సీ అని ఉంది. మా కాలేజీలో ఆ మెషీన్ లేదు. వెళ్తే పరువు పోతుందేమో." కొందరు అలా అనుకుని వెళ్లడమే మానేస్తున్నారు. అది నాకు చాలా బాధగా ఉంది. ఎందుకంటే ఆ ప్రకటన వెనక ఏం జరుగుతుందో నాకు తెలుసు.

హెచ్‌పీఎల్‌సీ అంటే ఒక మందులో అసలు పదార్థం ఎంత ఉంది, మలినాలు ఎంతెంత ఉన్నాయి అని విడదీసి కొలిచే యంత్రం. లక్షల ఖరీదు. పల్లెటూళ్ల నుంచి వచ్చే పిల్లలు చదివే చాలా డిగ్రీ కాలేజీల్లో అది ఉండదు. ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలియనిది కాదు. మరి ప్రకటనలో ఎందుకు రాస్తారు? "బీఎస్సీ లేదా ఎమ్మెస్సీ, అనుభవం 0–3 ఏళ్లు, హెచ్‌పీఎల్‌సీ, జీసీ, యూవీ, డిజల్యూషన్ తెలిసి ఉండాలి" అన్న వాక్యం (ఇవన్నీ మందుల పరీక్షల్లో వాడే యంత్రాలు, పద్ధతుల పేర్లే) ఒక్క ఉద్యోగం గురించి రాసింది కాదు. ఫ్రెషరు నుంచి మూడేళ్ల అనుభవం ఉన్న అనలిస్టు దాకా నాలుగైదు రకాల ఖాళీలను ఒక్క చోట కుదించి రాసిన వాక్యం. అందులో సున్నా అంకె ఉంది చూశారా, అది కాలేజీ నుంచి నేరుగా వచ్చేవాళ్ల కోసం వేసిందే. మన పిల్లలు ఆ సున్నాను చూడరు. దాని పక్కనున్న యంత్రాల జాబితాను చూసి హడలిపోతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మందుల ల్యాబులో కొత్తగా చేరినవాళ్ల చేతికి మార్కెట్‌కు వెళ్లే బ్యాచ్ శాంపిల్ ఎవరూ ఇవ్వరు. ముందు ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) చదివించి సంతకాలు పెట్టిస్తారు. తర్వాత సీనియర్ పక్కన నిలబెట్టి చూపిస్తారు. ఆ తర్వాత ఒకే శాంపిల్‌ను సీనియర్ ఒకసారి, కొత్తవాళ్లు ఒకసారి చేసి, రెండు ఫలితాలూ దగ్గరగా వస్తేనే ఫలానా పరీక్ష చేయడానికి వీళ్లు పనికొస్తారని కాగితం మీద రాస్తారు. ఇదంతా కంపెనీ దయతో చేసే పని కాదు. తయారీ నిబంధనల్లో ఉన్నదే. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఇచ్చినట్టు రికార్డు ఉండాలి. లేకపోతే తనిఖీకి వచ్చిన వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. అంటే మీకు ఎటూ నేర్పాల్సిందే. వేరే కంపెనీలో నాలుగేళ్లు చేసి వచ్చినవాళ్లకైనా సరే, మా పద్ధతిలో మళ్లీ నేర్పాల్సిందే.

మరి ఫ్రెషర్లలో మేం చూసేది ఏమిటి? డిగ్రీలో చేసిన ప్రయోగాలు అర్థమయ్యే చేశారా, చూసింది చూసినట్టు చెబుతారా అన్నదే.

నేను చాలామందిని మొదట ఒకటే అడిగేదాన్ని. "మీరు ల్యాబులో చేసిన ప్రయోగాల్లో మీకు బాగా వచ్చింది ఏదో చెప్పండి." ఎక్కువమంది టైట్రేషన్ (ఒక ద్రావణం గాఢతను ఇంకో ద్రావణంతో కొలిచే ప్రయోగం) అనేవారు. పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లం అనుకోండి. ఇక అక్కడి నుంచి మొదలవుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎందుకు కలిపారు? దాని బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే ఏమవుతుంది? (పర్మాంగనేట్ క్లోరైడును కూడా ఆక్సీకరించి క్లోరిన్ చేస్తుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది.) వేడి ఎందుకు చేశారు? (చల్లగా ఉంటే చర్య మరీ నెమ్మదిగా సాగుతుంది.) ఇండికేటర్ ఎందుకు వేయలేదు? (పర్మాంగనేట్ రంగే సరిపోతుంది.) బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) రీడింగ్ ద్రవం పై అంచు దగ్గర చూశారా, కింది అంచు దగ్గరా? ఈ చివరి ప్రశ్న దగ్గర పుస్తకం బట్టీ పట్టినవాళ్లు ఆగిపోయేవారు. కింది అంచు అని రాసుకున్న పాఠం గుర్తొచ్చి అదే చెప్పేసేవారు. చేత్తో చేసినవాళ్లు మాత్రం "అది ముదురు రంగు కదండీ, కింది అంచు కనబడదు, పై అంచే చూశాం" అనేవారు. హెచ్‌పీఎల్‌సీ ఎన్నడూ ముట్టుకోని అమ్మాయి ఆ ఒక్క జవాబుతో మా దగ్గర ఎన్నో మెట్లు పైకి ఎక్కేసేది.

అందుకే ఇంటర్వ్యూకు వెళ్లే ముందు కొత్త పుస్తకం కొనకండి. అటక మీద ఉన్న మీ ప్రాక్టికల్ రికార్డు కిందికి దించండి. అందులో మూడు ప్రయోగాలు తీసుకుని ప్రతి అడుగు దగ్గరా "ఇలా ఎందుకు చేశాను, చేయకపోతే ఏమయ్యేది" అని ప్రశ్న వేసుకుని జవాబు రాసుకోండి. కారణం తెలియని చోట మీ లెక్చరర్‌కు ఫోన్ చేసి అడగండి. పాస్ అయిపోయిన స్టూడెంట్ ఫోన్ చేస్తే ఏ మాస్టారూ విసుక్కోరు. నార్మాలిటీ, మొలారిటీ లెక్కలు, బఫర్ అంటే ఏమిటి, పీహెచ్ మీటర్‌ను బఫర్లతో ఎందుకు సరిచూస్తారు, బీర్-లాంబర్ట్ నియమం, ఎండబెట్టి బరువు తగ్గుదల చూడడానికీ కార్ల్ ఫిషర్‌తో నీటి శాతం చూడడానికీ తేడా ఏమిటి... ఇవన్నీ నాలుగు రోజుల్లో తిరగేసుకోవచ్చు. చివరి ప్రశ్న మా వాళ్లకు చాలా ఇష్టం. ఎండబెడితే నీరే కాదు, ఆవిరయ్యే ద్రావకాలు కూడా పోతాయి. కార్ల్ ఫిషర్ నీటిని మాత్రమే కొలుస్తుంది. అంతే జవాబు.

రాని యంత్రాల సంగతి? దేన్నీ పూర్తిగా నేర్చుకోనక్కర్లేదు. కానీ ప్రకటనలో రాసిన ప్రతి పేరుకూ, అది దేన్ని కొలుస్తుంది, ఏ సూత్రం మీద పనిచేస్తుంది అని నాలుగు వాక్యాలు చెప్పగలగాలి. హెచ్‌పీఎల్‌సీ అయితే ద్రవం పంపుతో కాలమ్‌లోకి వెళ్తుంది, కాలమ్‌లోని పొడికి ఏ పదార్థం ఎక్కువ అంటుకుంటే అది ఆలస్యంగా బయటికొస్తుంది, బయటికొచ్చే ప్రతిదాన్నీ డిటెక్టర్ పట్టి గ్రాఫు గీస్తుంది. ఇంత తెలిస్తే ఫ్రెషరుకు చాలు. ఆ తర్వాత ఈ మాట చెప్పండి: "హెచ్‌పీఎల్‌సీ మీద నేను పనిచేయలేదండి. సూత్రం చదువుకున్నాను, చెప్పమంటే చెబుతాను." ఈ మాటను అద్దం ముందు కాదు, ఇంట్లో ఎవరైనా మనిషి ముందు గట్టిగా అని చూడండి. గొంతు వణక్కుండా వచ్చేదాకా అనండి. తెలియదని చెప్పడం మనకు చిన్నప్పటి నుంచీ తిట్లు తెచ్చిపెట్టిన పని కాబట్టి అది అంత సులువుగా రాదు.

దీనికి ఎదురుగా అబద్ధం ఎలా ఉంటుందో కూడా చెబుతాను. "హెచ్‌పీఎల్‌సీ చేశాను మేడమ్" అంటారు. సంతోషం, మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోకి పంపే ద్రవం) ఎందుకు వడపోస్తారు అని అడుగుతాను. మౌనం. ఏ కాలమ్ వాడారు? "నల్లగా పొడుగ్గా ఉంటుంది మేడమ్." అక్కడితో ఆ ఇంటర్వ్యూ అయిపోయినట్టే. హెచ్‌పీఎల్‌సీ రాకపోవడం వల్ల కాదు. మా ల్యాబులో అబద్ధం చెప్పే మనిషి ఉంటే, ఆ మనిషి రాసిన ఏ అంకెనూ నమ్మలేం కాబట్టి. ఒక టాబ్లెట్ పరీక్షలో ఫెయిలైతే, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ చేసి పాసైన ఫలితాన్ని మాత్రం చూపిస్తామంటే ఒప్పుకోరు. 1993లో అమెరికాలో ఒక మందుల కంపెనీ కేసులో కోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మందుల ల్యాబుల్లో ఫెయిలైన ఫలితాన్ని ఎలా విచారించాలో పద్ధతులు రాసి పెట్టుకుంటారు. ఆ మందు వేసుకునేది ఎక్కడో ఒక పసిబిడ్డ కావచ్చు, మన ఇంట్లో పెద్దవాళ్లు కావచ్చు.

అందుకే మరో ప్రశ్న తప్పకుండా అడిగేవాళ్లం. "రిజిస్టర్లో అంకె తప్పు రాశారు. ఇప్పుడేం చేస్తారు?" చాలామంది వైట్‌నర్ పూసి సరిగ్గా రాస్తామంటారు. కాలేజీ రికార్డుల్లో అలాగే చేశారు, పాపం. మందుల కంపెనీలో వైట్‌నర్ గేటు లోపలికే రాకూడదు. తప్పు అంకె కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఎందుకు మార్చారో కారణం కూడా రాయాలి. ఈ ఒక్కటి తెలుసుకుని వెళ్లండి. ఎందుకలా చేస్తారో కూడా ఆలోచించుకుని వెళ్లండి.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి. పేరు, ఊరు రాయను. చోడవరం అవతల పల్లె. బీఎస్సీ పాసై రెండేళ్లయింది. బయోడేటాలో అనుభవం అన్న చోట అడ్డగీత గీసి ఉంది. నా పక్కన కూర్చున్న ప్రొడక్షన్ విభాగం ఆయన "ఈ రెండేళ్లూ ఖాళీగానే ఉన్నారా?" అని అడిగారు. "ఇంటి దగ్గరే సార్... ఊళ్లో పాలకేంద్రంలో రాసేదాన్ని" అంది తల వంచుకుని. రాయడమంటే ఏమిటమ్మా అని నేను అడిగాను.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. పొద్దున, సాయంత్రం రైతులు తెచ్చిన పాలు కొలవడం, శాంపిల్ తీయడం, మెషీన్‌లో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాలు) చూడడం, పాస్‌బుక్కులోనూ రిజిస్టర్లోనూ ఎక్కించడం, పని అయ్యాక మెషీన్ కడగడం. శాంపిల్ ఎలా తీస్తావని అడిగితే, "ముందు క్యాను మొత్తం కలియబెట్టాలి మేడమ్. వెన్న పైకి తేలుతుంది కదా. పైపైన తీస్తే ఫ్యాట్ ఎక్కువ చూపిస్తుంది, అడుగున తీస్తే తక్కువ చూపిస్తుంది" అంది. నేను, ప్రొడక్షన్ ఆయన ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మొత్తం సరుకుకు ప్రతినిధిగా ఉండేలా శాంపిల్ తీయాలన్నది మా దగ్గర కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం.

రైతులు గొడవ పడరా అని అడిగాం. "ఎందుకు పడరు సార్? నిన్న ఏడు వచ్చింది, ఇవాళ ఆరెలా అయిందీ అంటారు. వాళ్ల ముందే మళ్లీ కలిపి, ఇంకో శాంపిల్ తీసి చూపించేదాన్ని. రెండు రీడింగులూ రాసిపెట్టేదాన్ని. అంతే వస్తే అదే ఖాయం. మా చిన్నాన్న పాలైనా అంతే."

ఆ మాట అన్నప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తింది. ఆ తర్వాత అడిగినవాటిలో కొన్నింటికి తెలియదనే చెప్పింది. తీసుకున్నాం. చేరాక మంచి అనలిస్టు అయింది.

నేను అనేదేమిటంటే, ఆ అమ్మాయికి అర్హత తక్కువేమీ లేదు. తన దగ్గర ఉన్నదాన్ని అర్హతగా లెక్కించుకోలేదు, అంతే. పాలకేంద్రం మా ఊరి పని, ఉద్యోగమంటే కంపెనీ పని అనుకుంది. మేం అడగకపోతే ఆ అడ్డగీతతోనే తిరిగి వెళ్లిపోయేది. అడిగే ఓపిక ఉన్నవాళ్లు అన్ని చోట్లా ఉండరు. కాబట్టి మీరే రాయండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర నీటి పీహెచ్, అమోనియా, ఆక్సిజన్ చూసే కుర్రాళ్లున్నారు. మెడికల్ షాపులో ఎక్స్‌పైరీ తేదీలు చూసి సరుకు సర్దినవాళ్లు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఏ చల్లదనంలో ఉండాలో తెలిసినవాళ్లు ఉన్నారు. ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి సైన్సు చెప్పినవాళ్లున్నారు. ఇవన్నీ బయోడేటాలో రాయాల్సినవే. అయితే "పాలకేంద్రంలో పనిచేశాను" అని వదిలేయకండి. ఏం కొలిచారు, దేంతో కొలిచారు, ఎక్కడ రాశారు, తేడా వస్తే ఏం చేశారు అని రాయండి.

అర్హత లేకపోయినా వెళ్లిపోండి అని అందరికీ చెప్పడం లేదు. చట్టం అడిగే అర్హత వేరు. ఫార్మసిస్టుగా పనిచేయాలంటే డీఫార్మసీయో బీఫార్మసీయో చదివి, ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. మందుల తయారీని పర్యవేక్షించే కెమిస్టుకు ఇంత చదువు, ఇంత అనుభవం ఉండాలని డ్రగ్స్ రూల్స్‌లో రాసి ఉంది. అలాంటి చోటికి ధైర్యం ఒక్కటే పట్టుకుని వెళ్తే ఛార్జీలు దండగ. ప్రకటన చూసినప్పుడు ముందు ఈ రెండింటినీ విడదీయండి. చట్టం అడిగింది లేకపోతే ఆగండి. కంపెనీ కోరుకున్నది లేకపోతే వెళ్లండి. తేడా తెలియకపోతే ప్రకటనలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి "నేను ఫ్రెషర్‌ను, ఈ పోస్టుకు రావచ్చా" అని అడగండి. రావద్దంటే వద్దంటారు, అంతకు మించి ఏమీ అవదు.

పిల్లలకు నోరెందుకు పెగలడం లేదన్నది కూడా ఆలోచించాలి. సర్కారు కొలువుల్లో చాలా వాటికి ఇప్పుడు ఇంటర్వ్యూలు లేవు. కేంద్రంలో 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు తీసేశారు. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2కు కూడా తీసేశారు. బ్యాంకు క్లర్కు పోస్టుకూ ఇంటర్వ్యూ లేదు. సిఫార్సులు, లంచాలు తగ్గడానికి తీసుకున్న నిర్ణయాలవి, నేను వాటిని సమర్థిస్తాను. కానీ డిగ్రీ అయ్యాక రెండు మూడేళ్లు కోచింగులో కూర్చుని బిట్లు పెట్టిన పిల్లలు, ఆ తర్వాత ప్రైవేటు కంపెనీకి వచ్చినప్పుడు, తమకు తెలిసిన విషయాన్ని నోటితో చెప్పడం అదే మొదటిసారి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం అలవాటైన మనిషికి ఖాళీ గాలిలోంచి వాక్యం తేవడం కష్టమే. అది తెలివి లేకపోవడం కాదు, అలవాటు లేకపోవడం. నాలుగు రోజులు గట్టిగా చెప్పి చూసుకుంటే చాలావరకు పోతుంది.

ఇంగ్లిషు భయం గురించి రెండు మాటలు. ల్యాబులో, ప్లాంటులో అందరూ మాట్లాడుకునేది తెలుగులోనే. కానీ కాగితాలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. కాబట్టి మేం చూసేది, ఎస్‌ఓపీ చదివి అర్థం చేసుకోగలరా, చేసిన పనిని చిన్న చిన్న వాక్యాల్లో రాయగలరా అని. మీ మూడు ప్రయోగాలను ఇంగ్లిషులో పదేసి వాక్యాలుగా రాసి, తప్పులు ఎవరిచేతైనా దిద్దించుకోండి. ఇంటర్వ్యూలో ఇంగ్లిషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, "తెలుగులో చెప్పొచ్చా అండీ" అని అడగండి. మన ప్రాంతంలో కాదనేవాళ్లు తక్కువ.

అర్హత తక్కువ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. మా కెమిస్టుల మనిషి కాబట్టి చెబుతున్నాను. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివితే, ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. 1922లో అమెరికా వెళ్లి, పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ అంటారు. మీరు డిగ్రీ ల్యాబులో కలరీమీటర్‌తో రంగు చూసి గాఢత లెక్కకట్టారే, ఆ సూత్రమే ఇదీ. ఇంటర్వ్యూలో కలరీమీటర్ గురించి అడిగితే ఆయన పేరు చెప్పండి. మనం చదివిన చదువులో మన మనిషి చేసిన పని అది.

ఇక తప్పుడు దారి గురించి. అర్హత తక్కువన్న భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు ఉన్నారు. వేలకు వేలు తీసుకుని వారం రోజులు యంత్రం చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు కొందరు, ఏకంగా చేయని ఉద్యోగానికి అనుభవం ఉన్నట్టు కాగితం ఇచ్చేవాళ్లు ఇంకొందరు. మా వీధిలో ఒక తల్లి ఇలాంటి కాగితం కోసం గాజులు కుదువ పెట్టడానికి సిద్ధపడితే నేనే వెళ్లి ఆపాను. ఆ కాగితం నిలవదు. నిజంగా ఉద్యోగం చేసి ఉంటే సాధారణంగా పీఎఫ్ ఖాతాలో కనిపిస్తుంది. యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే) నంబరు అడిగి చూసుకునే రోజులివి. చేరాక ఆరు నెలలకు దొరికినా ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు. తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను, ఆ డబ్బు పెట్టకండి. హైదరాబాద్ వెళ్లి రావడానికి, ఒకటి రెండు వాక్-ఇన్‌లు తిరగడానికి ఇవ్వండి. మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ బయటికి రాగానే పిల్లలచేత రాయించండి. రెండోదానికి అంతకన్నా మంచి గైడు ఉండదు.

ఇంటర్వ్యూలో చివర "మీరేమైనా అడుగుతారా" అంటారు. మన పిల్లలు "ఏం లేదండీ" అని లేచిపోతారు. అడగండి. షిఫ్టులు ఎలా ఉంటాయి, రాత్రి షిఫ్టు అయితే ఆడపిల్లలకు బస్సు ఇంటిదాకా వస్తుందా, ట్రైనింగు ఎన్నాళ్లు, పీఎఫ్ ఎప్పటి నుంచి, ద్రావకాలతో పనిచేసేటప్పుడు ఏ జాగ్రత్తలు నేర్పుతారు. మా పరవాడ, అచ్యుతాపురం వైపు ప్రమాదాల వార్తలు మీ పేపర్లోనే చదువుతున్నాం. భద్రత గురించి అడిగిన ఫ్రెషర్‌ను చూసి మంచి కంపెనీ వాళ్లు సంతోషిస్తారు. ముఖం చిట్లించారంటే, అక్కడ చేరాలో వద్దో ఆలోచించుకోండి.

కంపెనీల్లో ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న నా తోటివాళ్లకు ఒక విన్నపం. ప్రకటన రాసేటప్పుడు దయచేసి మూడేళ్లవాళ్లకు ఒక వాక్యం, ఫ్రెషర్లకు ఇంకో వాక్యం వేరుగా రాయించండి. ఫ్రెషర్ల వాక్యంలో తప్పనిసరి ఏది, మేం నేర్పేది ఏది అని చెప్పండి. నాలుగు మాటలు పెరిగితే ప్రకటన ఖర్చు కొంచెం పెరుగుతుంది. దానికి బదులు, చేయగలిగినవాళ్లు ఇంట్లో కూర్చోకుండా మీ గేటు దాకా వస్తారు. మీకు కావలసింది కూడా అదే కదా.

డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాళ్లకూ ఒక మాట. ఒక బ్యూరెట్ దగ్గర ఆరుగురిని నిలబెట్టి, ఒకరు చేస్తుంటే అయిదుగురు రీడింగు రాసుకుంటే, ఆ అయిదుగురూ రేపు మా ముందు తలవంచుకునేవాళ్లే. కొత్త యంత్రాలు కొనడానికి నిధులు లేకపోవచ్చు. బ్యూరెట్లకు ఉంటాయి. ఫైనలియర్ పిల్లలకు ప్రాక్టికల్ వైవాను మార్కులు వేసి పంపేసే తంతుగా కాకుండా, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు, ఏమిటి అని అడిగితే, అదే వాళ్లకు మొదటి ఇంటర్వ్యూ అవుతుంది.

సంపాదకులకు కూడా ఒక అభ్యర్థన ఉంది. మీ జిల్లా ఎడిషన్లలో ఉద్యోగ ప్రకటనలు వేస్తున్నారు. వాటితోపాటు ఆయా రంగాల్లో ఇంటర్వ్యూలు చేసి రిటైరైనవాళ్ల చేత, ఫ్రెషర్లను నిజంగా ఏం అడుగుతారో రాయించండి. ఫార్మాకు నాలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. స్పిన్నింగ్ మిల్లులకు, డెయిరీలకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు, సిమెంటు ఫ్యాక్టరీలకు కూడా అలాంటివాళ్లు దొరుకుతారు. కెమిస్ట్రీ వరకు ప్రశ్నలు, వాటి జవాబులు రాసివ్వడానికి నేను సిద్ధం. డబ్బేమీ వద్దు. ఈ జూన్‌లో డిగ్రీ పాసయ్యేవాళ్లకు అందేలా వేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత క్వాలిటీ కంట్రోల్ మేనేజర్,
అనకాపల్లి.